అడవికి వెళ్లాలా, వద్దా: పాఠకుల ప్రశ్నలు

వానాకాలంలో మూతపడిన పులుల అభయారణ్యాల గేట్లు అక్టోబరులో తెరుచుకుంటాయని, హైదరాబాదు నుంచి వెళ్లేవారు ప్లాస్టిక్ సంచులు, సీసాలు ఇంట్లోనే వదిలి వెళ్లాలని గత సంచికలో ఈ శీర్షిక చివర నాలుగు వాక్యాలు రాశాను. అంతమాత్రానికే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. వెళ్లడమే తప్పని కొందరు, వెళ్లకపోతే అడవిని పోషించేదెవరని కొందరు రాశారు. ఒక ఉత్తరం మాత్రం అడవి లోపలి నుంచి వచ్చింది. ఈసారి శీర్షికంతా వీటికే. అటవీ ఉద్యోగం చేసి విరమించినవాణ్ని కాబట్టి నా మాటల్లో కొంత పక్షపాతం ఉండవచ్చు. అది ఎటువైపు మొగ్గిందో చదివేవారే తేల్చుకోగలరు.

ప్రశ్న: దసరా సెలవుల్లో పిల్లలతో నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి వెళ్లి ఒక రాత్రి ఉండి, సఫారీ చూసి రావాలని గది బుక్ చేసుకున్నాం. మా ఆఫీసులో ఒక మిత్రుడు "మీలాంటివాళ్లు వెళ్లడం వల్లే అడవి పాడవుతోంది" అన్నాడు. మేం కట్టే డబ్బు అడవికే కదా పోతుంది, అది మేలు కాదా?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మియాపూర్

జవాబు: మీ మిత్రుడిది గాలిమాట కాదు. ఈ విషయంపై పరిశోధన చేసినవారు మన ఊరివారే. అత్తాపూర్‌లో ఉన్న సీసీఎంబీ వారి లాకోన్స్ (అంతరించిపోతున్న జాతుల సంరక్షణ) ప్రయోగశాల శాస్త్రవేత్తలు మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్, కన్హా అభయారణ్యాల్లో పులుల మలాన్ని సేకరించి, అందులో ఒత్తిడి హార్మోన్ల అవశేషాలను కొలిచి, ఫలితాలను 2019లో ప్రచురించారు. పులిని పట్టుకోకుండా, మత్తు ఇవ్వకుండా, అది దారిలో వదిలి వెళ్లినదాన్నిబట్టే దాని ఒంటి స్థితిని తెలుసుకునే పద్ధతి ఇది. పర్యాటకులు తిరిగే నెలల్లో ఆ అవశేషాలు ఎక్కువగా, గేట్లు మూసిన నెలల్లో తక్కువగా కనిపించాయి. వాహనాలు, సందర్శకులు పెరిగేకొద్దీ అవీ పెరిగాయి. ఒత్తిడి అంటే ఒక పూట చిరాకు అనుకోకండి. అది నెలల తరబడి కొనసాగితే జంతువుకు రోగనిరోధక శక్తి, సంతానోత్పత్తి రెండూ దెబ్బతింటాయి. కెన్యాలోని మసాయి మారాలో చీతాలపై 2018లో వెలువడిన మరో అధ్యయనం ప్రకారం పర్యాటకులు తక్కువగా తిరిగే చోట ఒక తల్లి ఒక ఈతలో సగటున రెండుకు పైగా పిల్లలను పెంచి పెద్ద చేయగలిగితే, కిక్కిరిసిన చోట ఆ సగటు సున్నాకు కాస్త పైన మాత్రమే నిలిచింది.

అయితే మీ మిత్రుడు మనుషులను లెక్కపెడుతున్నాడు. అడవిలో లెక్కపెట్టవలసినవి బండ్లు, అవి నడిచే దారులు, అవి ఒకచోట ఆగే నిమిషాలు. దేశంలో ఈ లెక్కకు ఒక రూపం వచ్చింది 2012లో. ఆ జూలైలో సుప్రీంకోర్టు పులుల అభయారణ్యాల కోర్ (నడిభాగపు) ప్రాంతాల్లో పర్యాటకాన్ని తాత్కాలికంగా నిలిపివేసింది. జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ కొత్త మార్గదర్శకాలను ప్రకటించిన తర్వాత అక్టోబరులో ఆ నిషేధాన్ని తొలగించింది. ఆ మార్గదర్శకాల ప్రకారం కోర్ ప్రాంతంలో 20 శాతానికి మించి పర్యాటకానికి వాడకూడదు, అక్కడ కొత్తగా వసతి కట్టడాలు లేపకూడదు, దారుల పొడవును, వాహనాల మధ్య దూరాన్ని, నేల స్వభావాన్ని బట్టి రోజుకు ఎన్ని బండ్లను అడవి భరించగలదో లెక్కగట్టి అంతవరకే అనుమతించాలి. కాగితం మీద ఇది చక్కని నియమమే. కానీ 20 శాతం అనేది విస్తీర్ణానికి సంబంధించిన లెక్క. నీటి మడుగు, గడ్డి మైదానం, పులి తన పిల్లలతో ఉండే వాగు ఒడ్డు అన్నీ ఆ 20 శాతంలోనే పడితే మిగిలిన 80 శాతం ఖాళీగా ఉన్నందువల్ల ఒరిగేది తక్కువ. బాంధవ్‌గఢ్ వంటి పేరున్న అడవుల్లో సందర్శకులు కోరుకునేదీ సరిగ్గా ఆ మడుగునే.

అమ్రాబాద్ పరిస్థితి వేరు. మొత్తం 2,611 చదరపు కిలోమీటర్ల అభయారణ్యంలో సఫారీ తిరిగేది ఫర్హాబాద్ వైపు కొద్ది దారుల్లోనే. మధ్యభారతంలో కనిపించే జీపుల గుంపు ఇక్కడ లేదు. కాబట్టి వెళ్లండి. పిల్లలను తీసుకువెళ్లండి. మీ ప్రయాణంలో అడవికి జరిగే నష్టంలో పెద్ద భాగం సఫారీ బండి వల్ల కాక మీ సొంత కారు వల్ల జరుగుతుందని మాత్రం తెలుసుకోండి. మియాపూర్ నుంచి ఆ అడవి అంచునున్న మన్ననూరుకు రానూపోనూ సుమారు 300 కిలోమీటర్లు అనుకుంటే, లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే కారు 20 లీటర్ల పెట్రోలు తాగి దాదాపు 46 కిలోల కార్బన్ డయాక్సైడు వదులుతుంది. అది ప్రపంచం పంచుకునే నష్టం. నల్లమలకు ప్రత్యేకంగా జరిగేది మరొకటి ఉంది. శ్రీశైలం రోడ్డు పక్కన కారు ఆపి కోతులకు అరటిపళ్లు, బిస్కెట్లు విసరడం మన వాళ్లకు పుణ్యకార్యం. ఆ పుణ్యం వల్ల అడవిలో తిండి వెతుక్కోవడం మరచిన కోతుల గుంపులు రోజంతా తారు రోడ్డు మీదే కూర్చుని చక్రాల కింద పడుతున్నాయి. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఆ రోడ్డుపై రాకపోకలు ఆపుతున్నది చీకట్లో తిరిగే జంతువుల కోసమే కాబట్టి, ఆలస్యమైందని చెక్‌పోస్టు దగ్గర ఎవరితోనైనా ఫోను చేయించే ప్రయత్నం చేయవద్దు.

ఇంకొక్క మాట. "పులిని చూపిస్తే ఐదు వందలు ఎక్కువ ఇస్తాం" అని డ్రైవరుతో అనకండి. సఫారీల్లో జరిగే తప్పుల్లో చాలావాటికి మొదలు ఆ వాక్యమే. కనీసం 20 మీటర్ల దూరం పాటించాలన్న నియమం ఆ ఐదు వందల ముందు నిలవదు.

ప్రశ్న: తొమ్మిదో తరగతి పిల్లలకు ప్రాజెక్ట్ టైగర్ గురించి చెబుతూ, పర్యాటకం వల్ల పులుల సంఖ్య పెరిగిందని అన్నాను. ఒక పిల్లవాడు లేచి "చట్టం వల్ల కాదా టీచర్?" అని అడిగాడు. ఎవరిది సరైనది?
— ఒక ఉపాధ్యాయిని, వనస్థలిపురం

జవాబు: పిల్లవాడిదే, అమ్మా. వేటను నిషేధించి, అభయారణ్యాలకు చట్టబద్ధత కల్పించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో తొమ్మిది అభయారణ్యాలతో ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. పర్యాటకులను రప్పించి పులిని కాపాడదామన్న ఆలోచన అప్పటి ప్రణాళికలో లేదు. వేటగాడిని, గొడ్డలిని, పశువుల మందను అడవి నడిమధ్య నుంచి తప్పించడమే అందులోని ఆలోచన.

పర్యాటకం ఒక్కటే పులిని కాపాడలేదనడానికి రుజువు రాజస్థాన్‌లోని సరిస్కా. అక్కడికి సందర్శకులు వస్తూనే ఉన్నారు, జీపులు తిరుగుతూనే ఉన్నాయి, పుస్తకాల్లో పులుల సంఖ్య నమోదవుతూనే ఉంది. 2005 నాటికి చూస్తే అక్కడ ఒక్క పులి కూడా లేదు. అన్నీ వేటగాళ్ల పాలయ్యాయి. మధ్యప్రదేశ్‌లోని పన్నాలోనూ 2009 నాటికి అదే జరిగింది. ఆ రెండు చోట్లా తర్వాత వేరే అడవుల నుంచి పులులను తెచ్చి వదిలారు, అవి నిలదొక్కుకున్నాయి. సరిస్కా దెబ్బకు దేశం మేల్కొని 2006లో చట్టాన్ని సవరించి పులుల సంరక్షణ ప్రాధికార సంస్థను ఏర్పాటు చేసింది. పాదముద్రలతో లెక్కించే పాత పద్ధతి పోయి, జంతువు ఎదుటికి రాగానే ఫొటో తీసే కెమెరా ట్రాపులు వచ్చాయి. కొత్త పద్ధతిలో 2006లో 1,411గా తేలిన పులులు 2022 గణనలో సగటు అంచనాగా 3,682కు చేరాయి. మీ పాఠ్యపుస్తకంలో 1972 నాటి 1,827 అనే అంకె ఉంటే, దాన్ని వీటి పక్కన పెట్టి పోల్చవద్దని పిల్లలకు చెప్పండి. కొలిచిన పద్ధతే వేరు.

మరి పర్యాటకం చేసిన మేలేమీ లేదా అంటే, ఉంది. పగలంతా మనుషులు తిరిగే దారిలో వేటగాడు ఉచ్చు పెట్టడానికి జంకుతాడు. కనిపించకుండా పోయిన పులిని ముందుగా గమనించేవారిలో గైడ్లు, డ్రైవర్లు ఉంటారు. అంతకంటే ముఖ్యంగా, పులిని ఒకసారి చూసిన పిల్లవాడు పెద్దయ్యాక అడవి మీదుగా గని వేస్తామంటే ఊరుకోడు. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణకు వ్యతిరేకంగా హైదరాబాదులో అంత గొంతు లేవడానికి, ఆ సెప్టెంబరులో శాసనసభ తీర్మానం చేయడానికి వెనుక ఆ అడవిని కళ్లారా చూసిన నగరవాసులు కూడా ఉన్నారని నా నమ్మకం. కానీ ఇవన్నీ కాపలాకు తోడయ్యేవే. కాపలా లేనిచోట అవి దేనికీ పనికిరావని సరిస్కా చూపించింది.

ఆ పిల్లవాడు ఇంకొంచెం ముందుకు అడిగితే మీరు చెప్పవలసిన కొత్త సంగతి ఒకటుంది. ఇన్నాళ్లూ చట్టం పర్యాటకాన్ని అడ్డుకట్టలోపల ఉంచింది. 2023లో అటవీ సంరక్షణ చట్టానికి చేసిన సవరణ ఆ కట్టను కొంత సడలించింది. 1980 నుంచి ఆ చట్టం ప్రకారం అడవిని అడవేతర పనికి వాడాలంటే కేంద్రం అనుమతి తప్పనిసరి. రక్షిత ప్రాంతాల వెలుపలి అడవుల్లో ప్రభుత్వం పెట్టే జంతుప్రదర్శనశాలలను, సఫారీలను, అలాగే ప్రణాళికలో చేర్చిన ఎకో టూరిజం వసతులను కొత్త సవరణ "అడవేతర పని" అనే జాబితా నుంచే తప్పించింది. జంతుప్రదర్శనశాలలు, సఫారీలు తమ అనుమతి లేకుండా పెట్టరాదని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.

ఇక్కడ సఫారీ అన్న మాటకు రెండు అర్థాలున్నాయని పిల్లలకు విడమరచి చెప్పాలి. స్వేచ్ఛగా తిరిగే జంతువులను బండిలో వెళ్లి చూడడం ఒకటి. కంచె వేసి, అందులో బంధించిన పులులను వదిలి, వాటి మధ్య బస్సు నడపడం రెండవది. ఈ రెండో రకం సఫారీ కోసం ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ అభయారణ్యంలో పాఖ్రో అనే చోట 163 చెట్లు కొట్టడానికి అనుమతి తీసుకుంటే, కొట్టినవి 6,000కు పైనేనని భారత అటవీ సర్వేక్షణ సంస్థ లెక్కగట్టింది. పులిని చూపించడం కోసం పులి ఉండే అడవినే నరికారు. 2024 మార్చిలో ఆ కేసులో సుప్రీంకోర్టు కోర్ ప్రాంతాల్లో ఇలాంటి సఫారీలు కుదరవని స్పష్టం చేసింది.

ప్రశ్న: నేను చెంచును. మాది నల్లమల. హైదరాబాదులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మా మేనమామవాళ్ల పెంట (చెంచుల గూడెం) కోర్ ఏరియాలో ఉంది. పులి కోసం మీరు బయటికి పోవాలె, ఇంటికి పదిహేను లక్షలు ఇస్తరు అని చెప్తున్నరట. అదే తొవ్వల పొద్దున, సాయంత్రం సఫారీ బండ్లు పోతున్నయి. చెంచు ఉంటే పులికి ఇబ్బంది, టూరిస్టు వస్తే ఇబ్బంది కాదా?
— ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: ఈ ప్రశ్నను ఉద్యోగంలో ఉండగా ఒక పెంటలో ఒక పెద్దమనిషి నన్ను ముఖాముఖి అడిగాడు. నేను అప్పుడు చెప్పిన జవాబు ఇది: టూరిస్టు రెండు గంటల్లో వెళ్లిపోతాడు, పశువును మేపడు, కట్టెలు కొట్టడు, కాబట్టి నష్టం తక్కువ. ఆయన కాసేపు ఊరుకుని, "మా తాత కూడ పోలేదు, పులి కూడ పోలేదు" అన్నాడు. నా జవాబు సగం తర్కమేనని నాకు అప్పుడే తెలిసింది, కానీ పూర్తి చేయడానికి చాలా ఏళ్లు పట్టింది.

ముందు చట్టం ఏమంటుందో చూడండి, ఎందుకంటే మీ మేనమామకు ఇప్పుడు అవసరమైనది అదే. 2006లో రెండు చట్టాలు వచ్చాయి. వన్యప్రాణి చట్టానికి చేసిన సవరణ కోర్ ప్రాంతాన్ని మనుషుల జోక్యం లేకుండా ఉంచాలని చెబుతూనే, అక్కడివారిని తరలించడం స్వచ్ఛందంగా, ఇరుపక్షాలూ అంగీకరించిన షరతులపై మాత్రమే జరగాలని రాసింది. అటవీ హక్కుల చట్టం మరో అడుగు ముందుకు వేసింది. ముందుగా హక్కులను గుర్తించే ప్రక్రియ పూర్తి కావాలి, కలిసి బతకడం సాధ్యం కాదని తేలాలి, విషయమంతా తెలిసిన తర్వాత గ్రామసభ స్వేచ్ఛగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆ తర్వాతే తరలింపు. చెంచులు ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాల జాబితాలో ఉన్నారు కాబట్టి, ఇంటి జాగా, పోడు చెక్కతో పాటు మొత్తం ఆవాస ప్రాంతంపై హక్కు కోరే వీలు కూడా ఆ చట్టంలోనే ఉంది. పెంటలో పట్టాల సంగతి తేలిందా, గ్రామసభ తీర్మానం జరిగిందా, జరిగితే దాని నకలు ఉందా అన్నవి మీరు సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మొదట చూడవలసినవి. డిగ్రీ చదువుతున్నవారు ఆ కాగితం చదివి మేనమామకు వినిపించడం కూడా చిన్న పని కాదు.

కుటుంబానికి ఇచ్చే మొత్తం 2021 వరకు పది లక్షలు, ఆ తర్వాత పదిహేను లక్షలు. దాన్ని నగదుగా తీసుకోవడం ఒక పద్ధతి, భూమి, ఇల్లు, ఇతర సౌకర్యాలతో పునరావాసం కోరడం మరొక పద్ధతి. తేనె, తపసి జిగురు, సారపప్పు, ఇప్పపువ్వు మీద బతికిన కుటుంబానికి నగదు ఎంతకాలం నిలుస్తుందో నేను చూశాను. ఒక మోటారు సైకిలు, ఒక పెళ్లి, ఒక ఆస్పత్రి, అంతే. అయితే పెంటల్లో అందరి మాటా ఒక్కటి కాదన్నది కూడా నిజం. బడి, రోడ్డు, ప్రసవానికి ఆస్పత్రి కావాలని, బయటకు పోతేనే అవి దొరుకుతాయని అనుకునే యువకులు ఉన్నారు. వారి కోరికను తప్పుపట్టే హక్కు జూబ్లీహిల్స్‌లో కూర్చుని అడవి గురించి బాధపడేవారికి లేదు. ప్రశ్నంతా వారు నిజంగా ఎంచుకున్నారా, ఎంచుకోక తప్పని స్థితి కల్పించారా అన్నదే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. నివాసం ఉండడం వేరు, వచ్చిపోవడం వేరు అన్నది జీవశాస్త్రపరంగా కొంతవరకు నిజం. పశువుల మంద పెరిగితే దుప్పులకు, కణుతులకు గడ్డి తగ్గుతుంది, అవి తగ్గితే పులికి తిండి తగ్గుతుంది. కానీ చెంచులు పశుపోషకులు కారు. ఒక పెంటలో ఉండేవి కొన్ని గుడిసెలు. ఆ పెంటకు రోడ్డు వేస్తే అడవి చీలుతుందనీ, కరెంటు తీగ లాగితే వేటగాళ్లు దాన్ని వాడుకుంటారనీ అభ్యంతరం చెప్పే వ్యవస్థ, సఫారీ దారి విషయంలో అంత కఠినంగా లేకపోతే, అక్కడ రెండు రకాల తూకపు రాళ్లు ఉన్నట్లే. కోర్ ప్రాంతాన్ని ఎవరూ తాకకూడదని తరతరాల నివాసికి చెప్పేటప్పుడు టికెట్టు కొన్నవాడికీ అదే మాట చెప్పాలి. లేదా, పరిమితితో ఉండనివ్వవచ్చని టికెట్టు కొన్నవాడి విషయంలో ఒప్పుకుంటే, చెంచు విషయంలో అంతకంటే ముందే ఒప్పుకోవాలి. కర్ణాటకలోని బిళిగిరి రంగనాథ అభయారణ్యంలో 2011లో సోలిగ గిరిజనులకు సామూహిక అటవీ హక్కులను గుర్తించారు. పులులు పారిపోలేదు.

సంరక్షణ విధానం స్థానికులను పక్కనపెట్టి ముందుకు పోలేదని మన రాష్ట్రం ఇటీవలే చూసింది. మన రెండో పులుల అభయారణ్యమైన కవ్వాల్‌కు పులులు వచ్చేది మహారాష్ట్రలోని తడోబా నుంచి. ఆ దారిని కాపాడడానికి కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో కన్జర్వేషన్ రిజర్వు ప్రకటిస్తూ 2025 మే నెలాఖరులో 49వ నంబరు ఉత్తర్వు వచ్చింది. ఆదివాసుల నిరసనల తర్వాత జూలైలో దాన్ని నిలిపివేశారు. పులుల దారి అవసరం నిజం, ఆదివాసుల భయమూ నిజం. ముందుగా కూర్చుని మాట్లాడి ఉంటే రెండూ ఒకే కాగితంలో పట్టేవి.

నా వరకు నేను కోరేది, నల్లమల సఫారీ ఆదాయంలో ఎంత భాగం పెంటల ఉమ్మడి ఖాతాకు చేరుతుందో గేటు దగ్గర బోర్డు మీద రాసిపెట్టాలి. బేస్ క్యాంపుల్లో రాత్రింబవళ్లు కాపలా కాసేవారిలో, జాడలు చదివి కెమెరాలు బిగించేవారిలో చెంచు యువకులు ఎందరో ఉన్నారు. వారు లేకుండా ఆ అడవిలో పులుల లెక్క తేలదు. మీరు చదువు ముగించాక గైడుగానో, వాచరుగానో కాకుండా అధికారిగా ఆ గేటు లోపల కూర్చోవాలని నా ఆశ.

నల్లమల లోయలో జరిగే సలేశ్వరం జాతర గురించి కూడా మీరు రాశారు. చైత్ర పౌర్ణమికి "వస్తున్నం లింగమయ్యా" అంటూ లోయలోకి దిగే వేల మందిని పర్యాటకులుగా చూడలేం. అక్కడ పూజారులు చెంచులే, అది వారి దేవుడి దగ్గరికి నడక. కానీ ఎండాకు నేలంతా పరచుకుని ఉన్న ఆ రోజుల్లో ఒక బీడీ ముక్క చాలు. రోజుకు ఎందరిని దింపాలన్న నిర్ణయం చెంచు పూజారుల చేతిలో పెడితే, ఏ ఉత్తర్వు కంటే అదే బాగా అమలవుతుంది.

ప్రశ్న: రోజూ కేబీఆర్ పార్కులో నడుస్తాను. రాత్రి తొమ్మిది వరకు తెరిచి, దారి పొడవునా దీపాలు పెడితే ఉద్యోగాలు చేసేవారికి మేలు కదా?
— ఒక విశ్రాంత ఇంజనీరు, బంజారాహిల్స్

జవాబు: మేలే, కానీ వద్దు. అది 1998 నుంచి జాతీయ ఉద్యానం. నడక కోసం ఏర్పడిన తోట కాదు. దాదాపు 390 ఎకరాల ఆ రాతి అడవి చుట్టూ నాలుగు వైపులా వాహనాల వెలుతురు, మోత పగలూ రాత్రీ ఉన్నాయి. దాని వెలుపల పర్యావరణ సున్నిత మండలంగా 2020లో ప్రకటించిన పట్టీ వెడల్పు కొన్నిచోట్ల 3 మీటర్లు, ఎక్కువలో ఎక్కువ 30 మీటర్లలోపు. అంటే అడవికి మిగిలిన ఒకే ఒక రక్షణ చీకటి. ముళ్లపంది తిరిగేది, కప్ప కూసేది, నెమలి చెట్టెక్కి నిద్రపోయేది ఆ చీకట్లోనే. సాయంత్రం నడకకు నగరంలో దీపాలున్న పార్కులు చాలా ఉన్నాయి.

ప్రశ్న: అనంతగిరి కొండల దగ్గర 'ఎకో రిసార్ట్' వెంచరులో వాటా కొనమంటున్నారు. పర్యావరణానికి మంచిదే కదా అని అడుగుతున్నాను.
— ఒక వ్యాపారి, కూకట్‌పల్లి

జవాబు: పేరు ముందు ఎకో అని పెట్టుకోవడానికి ఏ పరీక్షా నెగ్గనక్కర లేదు. అమ్మేవారిని అడగవలసినవి నాలుగున్నాయి. నీళ్లు బోరు నుంచా, ఎంత లోతు? మురుగు ఎక్కడికి పోతుంది? చుట్టూ కంచె ఉందా, అది జంతువుల దారికి అడ్డమా? రాత్రి పాటలు, దీపాలు ఎన్ని గంటల వరకు? మూసీ పుట్టేది ఆ కొండల్లోనే కాబట్టి రెండో ప్రశ్నకు జవాబు చివరికి మన నగరానికే చేరుతుంది. తమిళనాడులోని నీలగిరుల్లో ఏనుగుల దారిలో కట్టిన రిసార్టుల యజమానులు కూడా పర్యావరణం పేరే చెప్పారు. 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ ఏనుగుల కారిడార్‌ను సమర్థించి, రిసార్టులు ఖాళీ చేయాలని తీర్పిచ్చింది. పెట్టుబడి కోణంలో కూడా ఆ తీర్పు ఒకసారి చదవడం మంచిది.

ప్రశ్న: రద్దీ తగ్గించడానికి టికెట్ ధర పది రెట్లు పెంచితే సరిపోదా? విదేశాల్లో అలాగే చేస్తారట.
— ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, కొంపల్లి

జవాబు: కొన్ని దేశాలు చేస్తున్నాయి. రువాండాలో పర్వత గొరిల్లాలను ఒక గంట చూడడానికి 2017 నుంచి రుసుము 1,500 డాలర్లు. పార్కుల ఆదాయంలో పది శాతం చుట్టుపక్కల ఊళ్లకు ఇస్తారు. భూటాన్, భారతీయులను మినహాయిస్తే, చాలామంది విదేశీ పర్యాటకుల నుంచి రోజుకు 100 డాలర్లు తీసుకుంటోంది. అక్కడ అలాంటి ధరలు నడుస్తున్నాయి, ఎందుకంటే వాటిని కట్టేవారిలో ఎక్కువమంది బయటి సంపన్నులు. మన అడవులకు వెళ్లేది మనమే. ధర పది రెట్లయితే మొదట ఆగిపోయేది ప్రభుత్వ బడి పిల్లల బస్సు, చివరగా ఆగేది పెద్ద కారు. నా మాట అడిగితే, బడి పిల్లలను ఉచితంగా పంపి, లోపలికి వచ్చే సొంత కార్లపై, ఖరీదైన గదులపై ఎక్కువ వసూలు చేయాలి. సంఖ్యను మాత్రం ధరతో కాక కోటాతో అదుపు చేయాలి. 2012 మార్గదర్శకాల్లోనే పర్యాటక వ్యాపారాల నుంచి సంరక్షణ రుసుము తీసుకుని స్థానికుల జీవనోపాధికి ఖర్చు చేయాలన్న సూచన ఉంది.

డబ్బు చేరవలసిన చోటికి చేరితే ఏమవుతుందో తెలుసుకోవడానికి రువాండా దాకా పోనక్కర లేదు. కేరళలోని పెరియార్‌లో 1990ల వరకు అడవిలో వయన (అడవి దాల్చిన) బెరడును దొంగతనంగా కొట్టి అమ్ముకున్నవారితోనే ఒక సంఘం ఏర్పాటు చేసి, వారిని గైడ్లుగా, గస్తీ మనుషులుగా మార్చారు. వేటగాడి దారి వారికి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? బ్యాంకులో పనిచేసినవారు కాబట్టి మీకు ఇంకో సంగతి చెప్పాలి. 2020లో కరోనా కారణంగా దేశమంతటా గేట్లు మూసినప్పుడు టికెట్ సొమ్ము సున్నాకు పడిపోయింది. పులికి తుపాకీ భయం మాత్రం సున్నా కాలేదు. అందుచేత వాచరు జీతం బడ్జెట్ నుంచే రావాలి, పర్యాటకం సొమ్ము పైన కలిసేదిగానే ఉండాలి.

ప్రశ్న: మేము సఫారీకి వెళ్తున్నాము. పులి కనబడకపోతే డబ్బులు వాపసు ఇస్తారా?
— ఒక ఏడో తరగతి విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఇవ్వరమ్మా. 2022 గణన ప్రకారం మన రాష్ట్రం మొత్తంలో ఉన్నవి 21 పులులు. అవి నీకోసం రోడ్డు మీదకు రావడం కష్టం. కానీ పులి వెళ్లిన గుర్తులు చూడవచ్చు. దుమ్ములో పెద్ద గుండ్రటి అడుగు ఉండి, గోళ్ల గుర్తు లేకపోతే అది పిల్లి జాతి జంతువుది. కుక్కకు, హైనాకు గోళ్లు పడతాయి. చెట్టు బెరడు మీద నీ తలకంటే ఎత్తులో నిలువు గీతలు కనిపిస్తే గైడు గారిని అడుగు. కణుతులు, చుక్కల దుప్పులు, మనుబోతులు ఎలాగూ కనిపిస్తాయి. చెట్టు మీది కొండముచ్చు ఒక్కసారిగా "ఖర్ర్ ఖర్ర్" అని దగ్గినట్టు అరిచి ఒకే దిక్కుకు చూస్తూ ఉంటే, నువ్వు మాట్లాడకుండా డ్రైవరు అంకుల్ భుజం తట్టి, ఇంజను ఆపమని సైగ చెయ్యి.